లెక్కకు రాని చలికాలం

సముద్రం ఒడ్డునే మా గది.
టోర్స్‌హావ్న్‌లో ఏ గదైనా సముద్రం ఒడ్డునే.
కిటికీలో పొగమంచు, కంప్యూటర్ తెరమీదా పొగమంచే;
రెండింట్లోనూ గీతలు వెతకడమే నీ ఉద్యోగమని
రన్వా వెక్కిరిస్తుంది,
కాఫీ కప్పు మైక్రోస్కోపు పక్కన పెట్టి తిట్లు తింటూ.

కాడ్ చేప తలలో, మెదడు కింద,
చిక్కుడు గింజంత తెల్లని రాయి ఉంటుంది.
చెవిరాయి అంటాం.
అడ్డంగా కోసి, అరగదీసి, గాజుపలక మీద అంటిస్తే
చేప బతికిన ఏళ్ళు బయటపడతాయి:
తిండి దొరికిన వేసవి తెల్లగా, వెడల్పుగా;
చలికాలం
సన్నగా, నల్లగా, ఒక్క చార.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చారల్ని కళ్ళతో లెక్కపెట్టాడు టుమ్మస్.
అంతకుముందు పడవ మీద గాలాల తాడు లాగేవాడు.
తాడు కోసిన గీతలు అరచేతుల్లో ఇంకా ఉన్నాయి,
వాటికి ఏ భూతద్దమూ అక్కర్లేదు.
వచ్చే నెల ఆయన వెళ్ళిపోతాడు.
ఆయన కుర్చీలో
నేను రాసిన ప్రోగ్రాం కూర్చుంటుంది.

అది చేసేది బ్రహ్మవిద్యేం కాదు.
ప్రతి చుక్కనీ ఆపి, చెక్‌పోస్టు జవానులా అడుగుతుంది:
పక్కవాళ్ళకంటే నువ్వు నల్లనా?
ఎటునుంచి వస్తున్నావు, ఎటు పోతున్నావు?
సరైన జవాబు చెప్పిన చుక్కల్ని కలిపి గీత అంటుంది.
మిగతాదంతా దుమ్ము.

నిన్న ఒక పలక దగ్గర
ప్రోగ్రాం ఆరు అంది.
టుమ్మస్ ఏడు అన్నాడు.
ఎక్కడ?
పెన్సిల్ మొద్దు కొసని తెరకి తగలనీయకుండా చూపించాడు,
నాలుగో గీతకీ ఐదో గీతకీ నడుమ.
నాకు ఏమీ ఆనలేదు.
‘సూటిగా చూస్తే పారిపోతుంది.
రాత్రి సముద్రం మీద దూరపు దీపాన్ని చూసినట్టు
కాస్త పక్కకి చూడు.’
పక్కకి చూశాను.
తడి దారం తీసేశాక గుడ్డమీద మిగిలిన జాడలా
ఏదో ఉంది. లేదా ఉందనిపించింది.

జల్లెడ కన్ను కొంచెం వదులు చేశాను.
ఆ గీత వచ్చింది.
దానితోపాటు అరగదీసిన గాట్లు,
జిగురు ముడత,
ఎవరిదో వెంట్రుక.
ఇంకా వదులు చేస్తే చేపకి నలభై ఏళ్ళు నిండాయి.
రన్వా ఉత్త గాజుపలక తెచ్చి కింద పెట్టింది.
ఏమీ లేని గాజు
పదకొండు చలికాలాలు బతికింది.

అప్పుడు చెప్పాడు టుమ్మస్:
‘ఆ చలికాలం నాకు గుర్తుంది.
మాంసం ఆరబెట్టే కొట్టంలో
గొర్రె తొడలు ఎండకుండానే కుళ్ళిపోయాయి.
మా సున్నేవా వాటిని పాతిపెడుతూ ఏడ్చింది.
చలి వచ్చింది గానీ కూర్చోలేదు,
గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.
చేప మాత్రం ఏం రాసుకుంటుంది?’

నేను ఊరుకోలేదు.
ఈ చేపని ఏ ఏడు పట్టారో మీకు తెలుసు,
వెనక్కి లెక్కేసుకున్నారు,
తెలిసిందే కనబడింది మీకు, అన్నాను.
అనవలసిన మాటే. అన్నాక మాత్రం నోరు చేదైంది.

‘నిజమే,’ అన్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.
‘అందుకే పెన్సిల్‌తో రాస్తాను.’

రాత్రి ఒంటరిగా ఆయన పాత పుస్తకాలు తిరగేశాను.
అంకెలన్నీ సిరాతోనే.
ఎక్కడో ఒక పేజీలో, మరెక్కడో ఇంకో పేజీలో,
గట్టిగా ఊదితే ఎగిరిపోయేంత పలుచగా
ఒక పెన్సిల్ అంకె, పక్కన ప్రశ్న గుర్తు.
నా ప్రోగ్రాంకి ఉంది అనడం వచ్చు, లేదు అనడం వచ్చు.
ఇది రాదు.

ఇవాళ పొద్దున్న దానికి మూడో మాట నేర్పడం మొదలుపెట్టాను.
తప్పులొస్తున్నాయి.
ఇంతలో రేవులో పడవ కూత వినబడింది.
మంచులో పడవ కనబడలేదు.
టుమ్మస్, రన్వా, నేను,
ముగ్గురం కిటికీలోంచి
కాస్త పక్కకి చూశాం.